మూసెయ్యమన్న క్లాసు

పోయిన వారం మన మేడమ్‌ని పాలకమండలి గదిలో, పొడుగు బల్ల ముందు, తన గొయ్యి తానే తవ్వుకుంటూ ఉండగా వదిలి వచ్చాం. రెండేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సుకి కాలం చెల్లిందనీ, పాఠాలన్నీ ఫోన్లలోకి ఎక్కించి కంప్యూటర్ చేతే చెప్పించవచ్చనీ, ఇంత భవనాన్ని పరీక్షలు పెట్టుకునేవాళ్లకి అద్దెకిచ్చుకోవచ్చనీ చైర్మన్ గారు సెలవిస్తే, బల్ల చుట్టూ ఉన్న పెద్దమనుషులందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. మేడమ్ ఒక్కతే లేచి నిలబడింది. "ఓటు సోమవారం దాకా ఆపండి. ఈలోపు ఒక్కసారి నా క్లాసుకొచ్చి వెనక వరసలో కూర్చోండి. అది చూశాక కూడా మూసెయ్యాలనే అనిపిస్తే, ఆ కాగితం మీద మొదటి సంతకం నేనే పెడతాను" అంది.

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ఎందుకంటే చైర్మన్ గారు పరాయి మనిషేమీ కాదు, మేడమ్ భర్తకి స్వయానా అక్క. మేడమ్ మామగారు బిస్కెట్ల ఫ్యాక్టరీ పెట్టి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాక, తనకి అబ్బని చదువు పదిమందికీ అబ్బాలని ఈ కాలేజీ కట్టించారు. ఆయన పోయాక కంపెనీ పగ్గాలు కూతురు పట్టుకుంది, ఫ్యాక్టరీ కొడుకు చూసుకుంటున్నాడు, కాలేజీ కోడలి చేతికొచ్చింది. ముగ్గురి మధ్య ప్రేమకి లోటు లేదు. కాకపోతే వదినగారి దగ్గర ప్రేమ లెక్క వేరు, వ్యాపారం లెక్క వేరు. తమ్ముడి పెళ్లామని ఆవగింజంత మినహాయింపు ఇచ్చే రకం కాదు. ఎదుటి మనిషి నోటి నుంచి మాట జారితే దాన్ని పట్టుకుని జేబులో వేసుకునే రకం.

అలాంటి వదిన శుక్రవారం పొద్దున్నే వచ్చి వెనక వరసలో, కిటికీ పక్క కుర్చీలో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ క్లాసు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మేడమ్ పాఠం చెప్పదు. ముందురోజే ఒక కథ చేతికిస్తుంది. ఎక్కడో నిజంగా జరిగిన వ్యాపారం కథ, పేర్లు మార్చి. ఫలానా యజమానికి ఫలానా చిక్కొచ్చింది, మీరైతే ఏం చేస్తారు? దీన్నే వీళ్లు కేసంటారు. మర్నాడు క్లాసులో మేడమ్ చూపు వరసల మీద నెమ్మదిగా తిరిగి ఎవరో ఒకరి దగ్గర ఆగుతుంది. లేచినవాడు కేసు విప్పాలి. చదవకుండా వచ్చినవాడికి ఆ నిమిషాన నేల చీలి లోపలికి తీసుకుంటే బాగుండుననిపిస్తుంది. ఒకడు విప్పుతాడు, ఇంకొకడు పొడుస్తాడు, చివరికి చేతులెత్తి తేలుస్తారు. ఇంత రభస జరిగినా మేడమ్ మాత్రం తనది ఏ పక్షమో చచ్చినా చెప్పదు. ఆమె బుర్రలో ఏముందో ఇన్నేళ్లలో ఏ బ్యాచ్‌కీ తెలియలేదు. ఇక వెనక వరస అతిథులది. అక్కడ కూర్చున్నవాళ్లు ఎంతటివాళ్లయినా నోరు మెదపకూడదు.

ఆ రోజు కేసు ఒక డ్రైవింగ్ స్కూలుది. పాత స్కూలు, మంచి పేరుంది. తండ్రి పెట్టింది, పిల్లలు నడుపుతున్నారు. చేరేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. రోడ్డెక్కకుండా తెర ముందు కూర్చుని నేర్చుకునే ఏర్పాట్లు వచ్చాయి. కార్లు వాటంతటవే నడిచే రోజు రేపో మాపో అంటున్నారు. స్కూలున్న స్థలానికేమో మంచి గిరాకీ. మూసెయ్యాలా, నడపాలా?

మీరు గడుసువాళ్లు, ఈపాటికి గ్రహించే ఉంటారు. మేడమ్ తన కాలేజీకే వేషం వేసి క్లాసులో నిలబెట్టింది. ఈత నేర్పే కొలను అని రాసి ఉంటే సునాయాసంగా గెలిచేది. నీళ్లలో దిగకుండా ఈత ఎలా వస్తుందని ఎవరైనా అంటారు. అలా గెలిస్తే వదిన ఒప్పుకోదు, తనకీ మనసొప్పదు. అందుకే తేలిక దారి వదిలేసి, రేపు ఆ విద్యే అక్కర్లేకుండా పోతుందేమో అనిపించే చిక్కు కేసు రాసింది. పిల్లలు అటూ ఇటూ కొట్టుకుని చివరికి నడపమనే అంటారు, అప్పుడు వేషం తీసేద్దాం అని ఆమె ధీమా. ఆ ధీమా వెనక ఆశ కూడా ఉంది. ఆశ ఉన్నచోట లెక్క తప్పుతుందని తనే క్లాసులో నూరిపోసిన మనిషి, తన విషయం వచ్చేసరికి మర్చిపోయింది.

మేడమ్ చూపు మూడో వరసలో ఆగింది. అక్కడ ఉన్నవాడి ముద్దుపేరు తూటా. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు పేల్చేస్తాడు.

"నువ్వు విప్పు."

తూటా లేచాడు. కాగితం కూడా చూడలేదు. "మూసెయ్యడమే మేడమ్. ఇందులో కొట్టుకోవడానికేం లేదు."

"అంత తేలికా?"

"తేలికే. ఈ స్కూలువాళ్లు డ్రైవింగ్ అమ్ముతున్నామనుకుంటున్నారు. జనం కొనేది లైసెన్సు. అదే కాగితం ఇంకోచోట చవగ్గా, తొందరగా వస్తుంటే వీళ్ల గడప ఎవడు తొక్కుతాడు?"

ఆ మాట మేడమ్‌కి సూటిగా తగిలింది. డిగ్రీ కాగితం గురించి వదిన మండలిలో అన్నది సరిగ్గా ఇదే. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. "ఇన్నేళ్ల పేరుందిగా?" అని అడిగింది.

"పేరు కడుపు నింపుతుందా మేడమ్? నిన్నటి ఖర్చు తలుచుకుని రేపటి నిర్ణయం చెయ్యకూడదన్న సూత్రం మీ దగ్గరే నేర్చుకున్నాం. స్థలం అద్దెకిచ్చుకోవాలి, మాస్టార్లకి ఇవ్వాల్సింది ఇచ్చి మర్యాదగా పంపించాలి. ఆలస్యం చేసినకొద్దీ అందరికీ నష్టమే."

మిగిలినవాళ్లు అతని వాదనకి అక్కడా ఇక్కడా మాట్లు వేశారు తప్ప కూల్చలేదు. ఒకమ్మాయి తెరా రోడ్డూ రెండూ కలిపి నడపొచ్చు కదా అంది. దానికి తూటా, రెండు పడవల మీద కాళ్లు పెడితే మునిగేది మధ్యనున్నవాడే అన్నాడు. క్లాసు నవ్వింది. చివరికి చేతులెత్తమంటే, ఒకటీ అరా తప్ప గదిలో ఉన్న చేతులన్నీ మూసెయ్యడానికే లేచాయి.

వెనక వరసలో వదిన నవ్వలేదు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. అది చాలు. ఆ కళ్లజోడు తుడుచుకోవడం ఇంట్లో అందరికీ తెలిసిందే, బేరం కుదిరిందన్నమాట. మేడమ్ అది చూసింది. తను పెంచిన పిల్లలే, తను నేర్పిన సూత్రాలతోనే, తన కాళ్ల కింద నేల లాగేశారు. వాళ్ల మీద కోపం రాకపోగా, వాదన ఇంత బిగువుగా ఉన్నందుకు లోపలెక్కడో గర్వంగా కూడా ఉంది. ఆ గర్వం చూసుకుని ఆమెకే ఒళ్లు మండింది.

అప్పుడు రెండో వరసలో ఒకామె చెయ్యెత్తింది. ఉద్యోగం మానుకుని, ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చి చదువుతున్న మనిషి. క్లాసులో అందరికీ పెద్దక్క.

"నేను ఎటూ చెయ్యెత్తలేదు మేడమ్. కేసులోనే తేడా ఉంది."

"ఏం తేడా?"

"ఏమనుకోకండి. మీరిచ్చే కేసులన్నీ ఒకేలా మొదలవుతాయి. యజమాని తన గదిలో నిలబడి, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏం చెయ్యాలా అని ఆలోచిస్తుంటాడు." క్లాసంతా గొల్లుమంది. నిజమే మరి, రెండేళ్లుగా ఎంతమంది యజమానులు ఎన్ని కిటికీల్లోంచి చూశారో! పెద్దక్క నవ్వలేదు. "ఆ కిటికీ కింద ఉన్నవాళ్లు మాత్రం ఒక్క కేసులోకీ రారు. ఇందులో మాస్టార్ల జీతాలున్నాయి, మాస్టార్లు లేరు. చేరినవాళ్ల లెక్క ఉంది, సగం నేర్చుకుని ఉన్నవాళ్లు ఏమైపోతారో లేదు. మమ్మల్నందర్నీ ఎప్పుడూ ఆ కిటికీ దగ్గరే నిలబెడతారు. అక్కణ్ణుంచి చూస్తే మూసెయ్యడమే సబబుగా కనిపిస్తుంది."

ఎన్నో కేసులు రాసిన చెయ్యి మేడమ్‌ది. కేసు రాయడం నేర్పిన గురువులూ అలాగే రాశారు, వాళ్ల గురువులూ అంతే. కుర్చీలో ఉన్నవాడు ఒకడుండాలి, వాడి ముందు చిక్కు ఉండాలి, చదివేవాడు వాడి చెప్పుల్లో కాళ్లు పెట్టాలి. తన కాలేజీ గురించి, తన బతుకు గురించి రాసుకునేటప్పుడు కూడా ఆమె అలవాటు చొప్పున వదినని కిటికీ దగ్గర నిలబెట్టి రాసింది. తనని తాను కేసులోకే రానివ్వలేదు. కేసులు రాసేవాళ్లకి తప్ప ఇంకెవరికీ పట్టని జబ్బు ఇది.

ఆమె బోర్డు దగ్గరికి వెళ్లి, డ్రైవింగ్ స్కూలు అని రాసి ఉన్న అక్షరాలు చేత్తోనే తుడిపేసింది.

"డ్రైవింగ్ స్కూలు లేదు. ఆ స్కూలు మన కాలేజీ. మీరు చేతులెత్తి మూసేసింది ఈ కోర్సుని. సోమవారం మండలిలో దీని మీదే ఓటు. వెనకాల కూర్చున్నది చైర్మన్ గారు."

ఒక్కసారిగా గోల. ముందే చెప్పి ఉంటే వేరేలా ఆలోచించేవాళ్లమని కొందరు, ఇది మోసమని కొందరు. ఒకడు ఏకంగా మళ్లీ ఓటు పెట్టమన్నాడు. తూటా మాత్రం నిలబడే ఉన్నాడు. మొహం తెల్లబోయింది కానీ గొంతు గట్టిగానే ఉంది.

"నా ఓటు మారదు మేడమ్. పేరు మారితే జవాబు మారిపోయేట్టయితే, మీరు మాకు రెండేళ్లూ నేర్పిందేంటి?"

ఆ మాటకి వెనక వరసలో కుర్చీ కదిలింది. వదిన లేచి నిలబడింది. నోరు మెదపకూడదన్న నియమం ఆవిడకి తెలుసు. నియమాలు పెట్టినవాళ్ల కుటుంబం తనది అన్నదీ తెలుసు.

"మేడమ్ గారూ, మీ క్లాసు బావుంది. ఈ అబ్బాయి ఇంకా బావున్నాడు. ఒక్కటే చెప్పి వెళ్లిపోతాను. నిన్న మీ ఆఫీసువాళ్లు ఈ కేసు నాకూ పంపారు. నేను దాన్ని మా ఆఫీసులో కంప్యూటర్‌కి ఇచ్చాను. కాఫీ చల్లారేలోపు జవాబిచ్చింది. లైసెన్సు మాట, స్థలం మాట, మర్యాదగా పంపించాలన్న మాట, అన్నీ. ఈ అబ్బాయి చెప్పింది పొల్లుపోకుండా అదే." ఆవిడ గొంతులో వెటకారం లేదు, అదే భయం వేసేది. "రెండేళ్లు చదివిన పిల్లాడికీ కాఫీ కప్పుకీ తేడా లేకపోతే, ఈ రెండేళ్లూ వాళ్ల దగ్గర ఎందుకు లాక్కోవాలి? మీరే చెప్పండి."

తూటా కూర్చుండిపోయాడు. పాపం, వాడికి ఓటమి అలవాటు లేదు. క్లాసులో ఎవరి మొహం చూసినా అదే ప్రశ్న. ఇల్లు వదిలి, ఉద్యోగాలు వదిలి వచ్చినవాళ్లు వాళ్లు.

మేడమ్‌కి అప్పటిదాకా గుండెల్లో ఉన్న దడ విచిత్రంగా తగ్గిపోయింది. పోయేదేదో పోయింది కనక ఇక దాచుకోవాల్సింది లేదు. తొణక్కుండా అంది, "లే నాయనా. ఇలా ముందుకి రా."

తూటా వచ్చాడు.

"కోర్సు మూసేశావు. నిర్ణయం నీది. ఈ స్కూల్లో డ్రైవింగ్ మాస్టార్ని నేను. నాకు చెప్పు."

"ఏం చెప్పాలి మేడమ్?"

"నా పని అయిపోయిందని చెప్పు. నా మొహం చూసి చెప్పు."

తూటా గొంతు సవరించుకున్నాడు. "మారుతున్న మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా సంస్థ యాజమాన్యం..."

"ఎవరా యాజమాన్యం? నువ్వు ఎవరివి మరి, దారిన పోయేవాడివా? మళ్లీ చెప్పు."

"మేడమ్, మీరు ఎంతో బాగా చెబుతారు. మీరంటే మా అందరికీ..."

"బెల్లంలో చుట్టి చేదుమాత్ర మింగించకు. మళ్లీ."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. తూటా నేల చూశాడు, గోడ చూశాడు, ఇక చూడ్డానికేమీ లేక మేడమ్ మొహం చూశాడు. ప్రశ్న సగంలోనే జవాబు పేల్చే వాడికి, ప్రశ్న అయిపోయాక కూడా జవాబు రాకపోవడం అదే మొదలు.

"మేడమ్... ఈ కోర్సు మూసేస్తున్నాను. నిర్ణయం నాదే. మీరు తప్పు చేసినందుకు కాదు. బయట కాలం మారింది. దాన్ని మీరు ఆపలేరు, నేనూ ఆపలేను." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "కానీ మొదటి ఏడాదివాళ్లు సగంలో ఉన్నారు. వాళ్ల చదువు పూర్తయ్యేదాకా తాళం వేసే ప్రసక్తే లేదు. వాళ్లకి మీరే చెప్పాలి. అప్పటిదాకా నేనూ ఇక్కడే ఉంటాను. మూసింది నేనైనప్పుడు ఆఖరున తలుపు వేసేది కూడా నేనే అవ్వాలి. ఇది ఇందాక నాకు తట్టలేదు మేడమ్. మీ మొహం చూస్తుంటే తట్టింది."

మేడమ్ కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు.

"ఆ షరతు కూడా కంప్యూటర్‌ని అడిగితే చెబుతుంది. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు" అంది వదిన, నిలబడే.

"వీణ్ణి మాత్రం ఎవరడిగారు వదినా?"

క్లాసులో మొదటిసారిగా మేడమ్ నోట వదినా అన్న పిలుపు విని పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు.

మేడమ్ క్లాసు వైపు తిరిగింది. "నా అభిప్రాయం ఏంటని ప్రతి బ్యాచూ అడుగుతుంది, నేను చెప్పను. ఈ రోజు చెబుతాను. ఈ కోర్సు ఇప్పుడున్నట్టే ఉంటే మూసెయ్యాల్సిందే. నేనూ చెయ్యెత్తుతున్నాను." నిజంగానే ఎత్తింది. "కాగితం మీద కథలు ఇచ్చి కాగితం మీద జవాబులు చెప్పించుకోవడానికి రెండేళ్లు అక్కర్లేదు. చైర్మన్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. నాకు ఇంకో కోర్సు కావాలి. అందులో రాసిచ్చిన కేసులుండవు. ఏదో నిర్ణయం తేల్చుకోలేక కొట్టుకుంటున్న చోటికి మీరే వెళ్లాలి. అక్కడ పనిచెయ్యాలి. తేల్చాలి. తేల్చింది ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ల ముందు నిలబడి, వాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. చెప్పేసి పారిపోకుండా దాని మంచీ చెడూ చూసేదాకా అక్కడే ఉండాలి. అలా చెయ్యలేనివాడికి ఈ కాలేజీ కాగితం ఇవ్వదు. దీనికే సోమవారం ఓటు అడుగుతాను. ఓడిపోతే మొదటి సంతకం నాది, ఆ మాట మీదే ఉన్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దక్క మాత్రం కాగితం తిప్పి వెనకవైపు ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది. తూటా ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, ఎటు వెళ్లాలో తెలియనట్టు. మేడమ్ వాడి భుజం తట్టి పంపించింది.

గది ఖాళీ అయ్యాక వదిన ముందుకొచ్చి మొదటి వరసలో కూర్చుంది. ఇప్పుడు చైర్మన్ గారిలా లేదు. చెప్పులు వదిలేసి కాళ్లు చాపుకుంది.

"కూర్చో అమ్మాయ్. ఇందాక ఆ పిల్లాడి చేత ఎన్నిసార్లు చెప్పించావు?"

"వాడికి వచ్చేదాకా."

"నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా రావట్లేదే." వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. "ఫ్యాక్టరీ మూసేస్తున్నాను."

మేడమ్ కూర్చోబోతున్నదల్లా ఆగిపోయింది. "ఏ ఫ్యాక్టరీ?"

"మనకి ఎన్నున్నాయి? నాన్న పెట్టిందే. పాత యంత్రాలు, పాత ధరలు, ఎన్నాళ్లని మోస్తాం? కంప్యూటర్‌కి కూడా చూపించాను. మూసెయ్యడానికి చక్కటి పథకం ఇచ్చింది, ఒక్క వంక పెట్టలేవు. అది ఇచ్చి చాలా రోజులైంది. సోమవారం పొద్దున షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర పనివాళ్లకి చెప్పాలి. వాళ్లకి చెప్పడం గురించి కాదు నా బెంగ." ఆవిడ తలెత్తింది. "తమ్ముడికి ఇంకా తెలీదు."

మేడమ్‌కి భర్త మొహం కళ్ల ముందు మెదిలింది. ఆయన పొద్దున పిండి వాసనతో, రాత్రి పిండి వాసనతో ఉండే మనిషి. ఇంట్లో పిండి మరక పడని చొక్కా ఒక్కటి లేదు. పనివాళ్ల పిల్లల పేర్లు కూడా తెలుసు ఆయనకి. ఫ్యాక్టరీ అంటే ఆయనకి ఉద్యోగం కాదు.

"మీరు చెప్పాలి వదినా. నిర్ణయం మీది."

"వాణ్ణి చంకనేసుకుని పెంచాను. వాడు పడితే నేను ఏడ్చేదాన్ని. నా వల్ల కాదు." ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కానీ మాట మాత్రం మళ్లీ వ్యాపారంలోకి వచ్చేసింది. అదీ వదిన. "ఇందాక పెద్ద కోర్సు చెప్పావుగా. దాని మొదటి పాఠం నువ్వే చదువు. వాడికి నువ్వు చెప్పు. సోమవారం గేటు దగ్గర వాడు నా పక్కన నిలబడితే, మధ్యాహ్నం మండలిలో నీ కోర్సుకి మొదటి చెయ్యి నాది. నేనెత్తితే మిగతా చేతులు అవే లేస్తాయి, నీకు తెలుసు. నిలబడకపోతే, నువ్వు నేర్పేది మాటలే అనుకుంటాను. సంతకం పెట్టేసెయ్."

"ఇది అన్యాయం."

"అన్యాయమే. కాదన్నానా?"

మేడమ్ కాదనొచ్చు. ఆడపడుచు తన కుంపటి తెచ్చి ఈమె నెత్తికెందుకు ఎత్తుతోందని మీకూ అనిపిస్తూ ఉంటుంది. కానీ ఆమెకి కోపం కన్నా ముందు ఇంకోటి తోచింది. తెలిసి కూడా రెండు రోజులు ఆయన పక్కన కూర్చుని అన్నం తినడం తన వల్ల కాదు. కోర్సు ఉన్నా పోయినా అది వేరే సంగతి. "సరే" అంది.

అంతలోనే తలుపు దగ్గర ఆయన గొంతు. "అయిపోయిందా పోరాటం? అక్కా, కాలేజీని బతకనిచ్చావా లేదా?" అక్క క్లాసుకి వస్తోందని తెలిసి, తమాషా చూద్దామని ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చేశాడు. చొక్కా చేతుల మీద పిండి ఉంది. ఇద్దరి మొహాలూ చూసి కూడా నవ్వు ఆపుకోలేదు. వెళ్లి మూడో వరసలో కూర్చుని, చేతులు కట్టుకుని, బుద్ధిమంతుడైన విద్యార్థిలా చూశాడు. "ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారీ లేపలేదు మేడమ్ గారూ. ఈ రోజు లేపండి."

వదిన కిటికీ వైపు తిరిగిపోయింది.

మేడమ్ ఆయన ముందుకొచ్చి నిలబడింది. మార్కెట్ మాటలు తను ఎలాగూ అనదు. బెల్లం మాట ఒకటి నాలుక దాకా వచ్చింది, మింగేసింది.

"కూర్చునే వినండి. సోమవారం ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. నిర్ణయం అక్కయ్యది. మీకు నేను చెప్పాలన్న నిర్ణయం నాది. మీ తప్పు లేదు. మీరు ఎంత చేశారో నాకు తెలుసు, అయినా మూసేస్తున్నారు. ఇప్పుడే తెలిసింది, ఇప్పుడే చెబుతున్నాను. మీరు సోమవారం గేటు దగ్గర అక్కయ్య పక్కన నిలబడితే నా కోర్సు నిలుస్తుంది, అది కూడా దాచను. అయినా నిలబడమని అడగను. అది మీ ఇష్టం."

ఆయన నవ్వు మొహం మీద ఉండగానే ఆరిపోయింది. అక్క వైపు చూశాడు. అక్క ఇటు తిరగలేదు. చాలాసేపు చొక్కా చేతి మీద పిండి దులుపుకుంటూ కూర్చున్నాడు. తర్వాత లేచి, భార్య తల మీద చెయ్యి వేశాడు.

"బాగా చెప్పావు. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు" అన్నాడు. "సోమవారం గేటు దగ్గరికి వస్తాను. కానీ అక్క పక్కన కాదు. ఇన్నేళ్లు నాతో పనిచేసినవాళ్ల పక్కన నిలబడతాను."